బియ్యం ఫ్రీగ వచ్చినా కిరాణం బిల్లు ఎందుకు తగ్గలె? ఇంటి వంట, బేకింగ్‌తోని ఖర్చు తగ్గించుకున్న నా అనుభవం

పోయిన ఏడు జూన్‌ల పిల్లలిద్దరి స్కూల్ ఫీజులు కట్టినంక చేతిల ఏం మిగలలె. ఇంటి కిరాయి తగ్గించుడు మన చేతిల లేదు, మా ఆయన పెట్రోల్ ఖర్చు తగ్గదు, ఇగ మిగిలింది వంటింటి ఖర్చే అని దాని మీద కూసున్న. మేం హనుమకొండల ఉంటం, ఇంట్ల అయిదుగురం, నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ. మా గల్లీ సేటు దగ్గర ఉద్దెర బుక్కు నడుస్తది, జీతం పడంగనే కట్టుడు. ఆ బుక్కు ఇంటికి తెచ్చుకొని ఒక్కో లైన్ చదువుకుంట పోయిన, సరుకుల పక్కన ఒక గీత, ప్యాకెట్ల పక్కన ఒక గీత.

నాకు సమజ్ కానిది ఒకటే. 2025 ఏప్రిల్ నుంచి మా తెలంగాణల రేషన్ల సన్న బియ్యం ఇస్తున్నరు, మనిషికి ఆరు కిలోలు, మా కార్డు మీద ముప్పై కిలోలు వస్తున్నయ్. అంతకుముందు నెలనెలా పాతిక కిలోల బస్తా కొనేటోళ్లం, అది మొత్తానికే బంద్ అయ్యింది. మరి ఆ పైసలు ఏడ పోయినయ్? బుక్కుల చూస్తే దొరికినయ్. బ్రెడ్డు, రస్కులు, బిస్కెట్లు, పిల్లలకు పది రూపాయల ప్యాకెట్లు, అల్లం వెల్లుల్లి పేస్టు, బిర్యానీ మసాలా, చికెన్ మసాలా, నూడుల్స్, కారం ప్యాకెట్, చింతపండు పావుకిలో పావుకిలో. ఒక్కొక్కటి చూస్తే ఏం లేదు, పది, ఇరవై, నలభై. అన్ని కలిపితే మాత్రం నెల పప్పు, నూనె, చక్కెర ఎంతైతయో దాదాపు అంతనే అయితున్నయ్.

పొదుపు అంటే చాలామంది ఏ షాపుల రెండు రూపాయలు అగ్గువ, ఏ యాప్‌ల ఆఫర్ ఉంది అని తిరుగుతరు. నాకు ఆ బుక్కు చూసినంక అనిపించింది ఏందంటే రేటు కాదు అసలు సంగతి, ఇంట్ల పిండి ఉంది, ఎల్లిగడ్డ ఉంది, మిరపకాయలు దొరుకుతయ్, కాని దాన్ని దంచి ప్యాకెట్ల పోసి ఇచ్చినందుకు మనం నెలనెలా కూలి కడ్తున్నం. అందుకే ఒక్కటే పెట్టుకున్న, దేనికి కావల్సిన సరుకు ఇంట్ల ఉందో దాని ప్యాకెట్ కొనొద్దు. మా ఆయన నవ్విండు, "అయితే సబ్బు కూడ ఇంట్లనే చేస్తవా" అని. సబ్బుకు సరుకు ఇంట్ల లేదు కదా అన్న.

మొదలు పట్టుకున్నది పిల్లల సాయంత్రం తిండి. స్కూల్ నుంచి రాంగనే ఆకలి అంటరు, ఆ టైంల చేతికి ఏది దొరికితే అది, అందుకే ప్యాకెట్లు. మా అత్తమ్మ అన్నది, "బియ్యం గిన్ని మిగులుతున్నయ్ గదా బిడ్డా, పిండి పట్టిచ్చి పెట్టు, సర్వపిండి చేసుకుందాం". నిజంగనే ముప్పై కిలోలల్ల మాకు అన్నానికి ఇరవై రెండు, ఇరవై మూడు కిలోలు అయితయ్, మిగిలినయి కొందరు ఎవరికో నాలుగు పైసలకు అమ్ముకుంటరు, అది తప్పు అన్న సంగతి పక్కకు పెట్టినా అంత కన్నా నష్టం బేరం ఇంకోటి లేదు. మేం కడిగి నీడకు ఆరబెట్టి గిర్నికి పంపుడు మొదలుపెట్టినం, కొన్ని పిండి, కొన్ని నూక. నూక ఉప్మాకు, పిండి సర్వపిండికి, ఇంకొన్ని బియ్యం ఇడ్లీ దోశలకు నానపోసుడు.

సర్వపిండి మా దిక్కు అందరికీ తెల్సినదే, కొందరు గిన్నెప్ప అంటరు, తపాల చెక్క అంటరు. కాని రోజూ చేసుకునే లెక్క వేరే ఉంటది, పండుగకు చేసినట్టు కూసుంటే గంటన్నర పడ్తది. నేను పొద్దున్నే గుప్పెడు శనగపప్పు నానేసి పోత. సాయంత్రం రెండు గ్లాసుల పిండిల ఆ పప్పు, కచ్చాపచ్చాగ దంచిన పల్లీలు, నువ్వులు, జీలకర్ర, ఎల్లిగడ్డ నాలుగు రెబ్బలు దంచి, ఉల్లికాడలు ఉంటే ఉల్లికాడలు లేకుంటే ఉల్లిగడ్డ, కల్యమాకు, కారం, ఉప్పు. ఆనిగెపుకాయ ముక్క మిగిలితే తురిమి అందులనే వేస్త, దాని నీళ్లకే పిండి తడుస్తది, మెత్తగ కూడ వస్తది. గిన్నె లోపల నూనె రాసి ముద్దను అడుగు నుంచి అంచుల దాక పల్చగ ఒత్తుకుంట రావాలె, వేలితోని అక్కడక్కడ బొక్కలు పెట్టి బొక్కకొక చుక్క నూనె, మూత పెట్టి సన్న మంట. మా అత్తమ్మ మూత తీసి చూడనే చూడదు, చప్పుడు వింటది. ముందుగాల సుయ్యిమని నీళ్ల చప్పుడు వస్తది, అది అణిగి చిటచిట మొదలైతది, నువ్వుల వాసన లేస్తది, అప్పుడు అంచు దానంతల అదే గిన్నెను ఇడ్శిపెడ్తది, ఇగ మంట బంద్. రెండోది చేయాల్నంటే గిన్నె కాలుతుంటది, చేతికి పిండి అంటుకుంటది, అందుకే రెండు గిన్నెలు పెట్టుకున్నం, ఒకటి పొయ్యి మీద ఉంటే ఇంకొకటి బోర్లేసి నల్ల కింద చల్లార్చుడు. రెండు మూడు చెంచాల నూనెల ఇంటిల్లిపాదికి అయిపోతది, అదే మురుకులో గారెలో అయితే మూకుడు నిండ నూనె పెట్టాలె, ఆ మిగిలిన నూనె ఏం చెయ్యాలె అన్నది మళ్ల ఇంకో తలకాయ నొప్పి.

అందరు బేకింగ్ బేకింగ్ అంటరు గాని నన్నడిగితే మూత పెట్టి సన్న సెగ మీద కాల్చే ఈ సర్వపిండే మన దిక్కు బేకింగ్, ఓవెన్ అవసరం లేదు.

మిగిలిన చపాతీలకు మలీద. సద్దుల బతుకమ్మకు చేస్తం కదా అదే, చపాతీలు మిక్సీల తిప్పి బెల్లం, యాలకులు, చెంచ నెయ్యి వేసి ముద్దలు కట్టి డబ్బల పెడితే పిల్లలు బిస్కెట్ అడుగుడు చాలా తగ్గింది. పండుగ నాడే తినాలె అని ఎక్కడ రాసిలేదు కదా.

తర్వాత ఏడాది సరుకులు. మా అమ్మ కాలంల అందరు ఎండాకాలంలనే కారం, పసుపు, చింతపండు, కందిపప్పు ఏడాదికి సరిపడ తెచ్చి పెట్టుకునేటోళ్లు, మేం పట్నపోళ్లం అయినంక అది పోయింది. దీనికి ఒక్కసారే పైసలు కావాలె, ఉన్నపళంగ ఏడికెల్లి వస్తయ్, అందుకని ప్యాకెట్లు బంద్ పెట్టిన నెల నుంచి ఆ మిగిలిన పైసలు సపరేట్ డబ్బల వేసుకుంట వచ్చిన, ఫిబ్రవరి నాటికి కారానికి, చింతపండుకు, పసుపుకు సరిపోయినయ్.

మిర్చికి మా వరంగల్‌ల కరువా చెప్పండి, ఎనుమాముల మార్కెట్ దిక్కు సీజన్‌ల పోతే రోడ్డు మీదనే దగ్గు లేస్తది. కాని అక్కడ యార్డుల మనలాంటోళ్లు నాలుగు కిలోలు కొంటమంటే కాదు, అది బస్తాల లెక్క, వ్యాపారుల వేలం పాట. మా అమ్మగారి ఊరు నర్సంపేట దిక్కు కాబట్టి కల్లం కాడనే కొన్న. తేజ ఎక్కువ తీసుకున్న కారానికి, చపాటా కొంచెం తీసుకున్న రంగుకు. చపాటా అంటే టమాటా మిర్చి అంటరు మా దిక్కు, పొట్టిగ, లావుగ, ఎర్రగ ఉంటది, కారం తక్కువ, 2025ల దానికి ఈ ప్రాంతం పంట అని ఇచ్చే జీఐ గుర్తింపు కూడ వచ్చింది. పిరం ఉంటది, అందుకే అంతా అదే వేసుకోవద్దు, నాలుగు కిలోల తేజకు ఒక కిలో చపాటా కలిపితే కూర ఎర్రగ వస్తది, నోరు మండదు, మండుతది గాని మరీ కాదు.

తొడిమెలు తీసుడే అసలు పని. చేతులకు పల్లి నూనె రాసుకొని కూసున్నా సాయంత్రానికి మండుతయ్, ఆ చేతులతోని కండ్లు ముట్టుకుంటే ఇగ అంతే. ఎండల గలగలమనేదాక ఆరబెట్టి, గిర్నికి మా ఆయనను పంపిన. గిర్నిల ఒక సంగతి చూసుకోవాలె, మన ముందు ఎవరిది పడ్తున్నరో అడగాలె, మిర్చి తర్వాత మిర్చి పడ్తేనే మంచిది, పసుపో ధనియాలో పట్టిన వెంటనే పోస్తే మొదటి గుప్పెడు దానితోనే కలిసి వస్తది. ఇంకోటి, గిర్ని నుంచి వచ్చిన కారం వేడిగ ఉంటది, అట్లనే డబ్బల పోసి మూత పెడితే చెమ్మ పడ్తది, గడ్డలు కడ్తది, పురుగు వస్తది. పేపర్ మీద పరిచి చల్లారనిచ్చి దొడ్డుప్పు కొంచెం కలిపి సీసాలల్ల పెట్టినం. ప్యాకెట్ కారం రేటుతోని పోల్చుకుంటే గిర్ని కూలి కలిపినా తేడా బాగనే ఉంది, అయినా నేను రేటు కోసం కాదు వాసన కోసమన్నా మళ్ల చేస్త. కూరల ఒక చెంచ తక్కువ పడ్తున్నది.

పసుపు కొమ్ములు మా ఆడపడుచు జగిత్యాల దిక్కు నుంచి పంపింది, చింతపండు ములుగు దిక్కుది కొన్న, గింజ తీసి ఉప్పు కలిపి జాడీల ఒత్తి పెట్టినం. కందిపప్పు మాత్రం ఏడాదికి కాదు, నాలుగు నెలలకు సరిపడ తెచ్చిన, మా దగ్గర అంత జాగ లేదు, పురుగు భయం కూడ. దానికి మా అత్తమ్మ కొంచెం ఆముదం చేతులకు రాసుకొని పప్పుకు పట్టిచ్చి ఎండబెట్టి పెట్టింది, వండేముందు వేడి నీళ్లతోని కడుగుతే పోతది. ఇప్పటిదాక ఒక్క పురుగు లేదు.

కూరగాయలకు లక్ష్మీపురం మార్కెట్. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ కాబట్టి హనుమకొండ నుంచి వరంగల్ పోయి వచ్చుటానికి రూపాయి పడది, లేకుంటే ఆటోకు ఇచ్చి అగ్గువ కూరగాయలు తెచ్చుకునుడు అంటే అదేం లెక్క. సాయంత్రం పోతే కుప్పలు అమ్ముతరు, "మొత్తం తీస్కపో బిడ్డా, యాభైకిస్త" అంటరు. కుప్ప కొనుడు లాభమా కాదా అంటే ఆ రాత్రి కూసొని ఏరి, తరిగి, పెట్టే ఓపిక ఉంటేనే లాభం, లేకపోతే మూడో రోజుకు సగం చెత్తబుట్టల పోతది. నేను పాలకూర, పుంటికూర, మెంతికూర లాంటివి వారానికి ఒక్కసారే ఎక్కువ తీసుకొని తడి లేకుండ బట్టల చుట్టి పెడ్త. టమాటా ఫిబ్రవరి, మార్చిల అగ్గువ ఉన్నప్పుడు తొక్కు పెట్టేసుకున్నం. 2023 జూలైల టమాటా కిలో వంద దాటినప్పుడు అందరు లబోదిబోమన్నరు గాని పులుపుకు టమాటానే కావాల్నా, పుంటికూర ఉంది, చింతచిగురు ఉంది, ఎండాకాలం మామిడికాయ ఉంది. బీరకాయ పొట్టు, ఆనిగెపుకాయ పొట్టు నువ్వులు వేసి తొక్కు నూరితే మా చిన్నోడు కూర ఇడిశిపెట్టి అదే తింటడు.

గ్యాస్ సంగతి ఎవరు మాట్లాడరు. వారంల రెండు మూడు రాత్రులు ముద్దపప్పు, పచ్చిపులుసు. పచ్చిపులుసుకు పొయ్యే అవసరం లేదు, చింతపండు పిసికి ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, నువ్వుల పొడి, పోపు పెడితే పెట్టినట్టు లేకుంటే లేదు. పప్పు ఉడికినప్పుడు పైన తేలిన కట్టు తీసి తెల్లారి చారుకు పెట్టుకుంట.

పాలు మేం ముల్కనూరు స్వకృషి పాలు వాడ్తం. కాచిన పాల మీద మీగడ రోజూ ఒక డబ్బల వేసి కొంచెం పెరుగు కలిపి ఫ్రిజ్‌ల పెట్టి, డబ్బ నిండినంక మిక్సీల చల్లటి నీళ్లతోని తిప్పితే వెన్న. నెయ్యి కొనుడు బంద్ అయ్యింది. వెన్న తీసినంక మిగిలిన చల్ల చల్లచారుకు, నెయ్యి కాచినప్పుడు గిన్నె అడుగున మిగిలే ఎర్రటి మడ్డి బిస్కెట్ల పిండిల. ఆ మడ్డి వేసిన బిస్కెట్‌కు వచ్చే వాసన ఏ షాపు బిస్కెట్‌కు రాదు.

ఇగ ఓవెన్ సంగతి. మా అక్క కొత్తది కొనుక్కొని పాత ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్, నాకు ఇచ్చింది, అందుకే పెట్టుబడి లేదు, ఖర్చు తగ్గించుకునేటందుకు ఓవెన్ కొనుక్కుంట అంటే మాత్రం నేను ఒప్పుకోను. బ్రెడ్డుతోని మొదలుపెట్టిన. అరకిలో మైదా, చెంచ ఈస్టు, కొంచెం చక్కెర, ఉప్పు, నూనె, గోరువెచ్చని పాలు నీళ్లు. కలిపి పది నిమిషాలు గట్టిగ పిసికితే పిండి సాగుతది, బట్ట కప్పి రెండింతలు అయ్యేదాక పెట్టి, మళ్ల ఒత్తి టిన్నుల పెట్టి ఇంకోసారి పొంగనిచ్చి కాల్చుడు. బ్రెడ్డు బాగనే వచ్చింది, వేడివేడిగ ఉన్నప్పుడు సగం అక్కడనే అయిపోయింది, అదే దాంట్ల తిరకాసు. బేకరీ బ్రెడ్డు ప్యాకెట్ మూడు రోజులు వచ్చేది, ఇంటిది ఆ పూటకే. లెక్క రాసుకుంటే సరుకుల్ల బేకరీ కన్నా సగం అగ్గువ పడ్తది, కాని మేం తినేది రెండింతలు అయ్యింది, మరి మిగిలిందేంది?

కరెంటు ఇంకో లెక్క. ఓటీజీ పదిహేను వందల వాట్లు, వేడెక్కుటానికి పది నిమిషాలు, కాల్చుటానికి ముప్పై అయిదు, ఒక బ్రెడ్డుకు దగ్గర దగ్గర యూనిట్ అనుకోండి. యూనిట్ ఎంత అని అనిపిస్తది, కాని గృహజ్యోతి, అంటే సర్కారు ఫ్రీ కరెంటు స్కీం, ఉన్నోళ్లకు రెండు వందల యూనిట్ల లోపల ఉంటేనే జీరో బిల్లు, ఒక్క యూనిట్ దాటినా మొత్తం బిల్లు కట్టాలె, అంటే వెయ్యి పైనే. ఏప్రిల్, మే నెలలల్ల కూలర్ రాత్రంత నడుస్తది, ఫ్రిజ్ ఆగకుండ నడుస్తది, మా మీటర్ అంచు మీద ఉంటది, అప్పుడు ఓవెన్ పెడితే నలభై రూపాయల బ్రెడ్డు మిగుల్చుకోబోయి వెయ్యి పోగొట్టుకున్నట్టు. విచిత్రం ఏందంటే మా ఎండలకు పిండి అరగంటల పొంగేది ఆ నెలలల్లనే, ఓవెన్ పెట్టుకోగలిగేది చలికాలం, అప్పుడేమో పిండి పొంగదు, అన్నం కుక్కర్ పక్కన పెట్టి దాని మీద దుప్పటి కప్పాల్సి వస్తది.

అందుకే బ్రెడ్డు నాకు పొదుపు కాదు, అప్పుడప్పుడు సరదా. కేకు మాత్రం నిజమైన పొదుపు. పిల్లల పుట్టినరోజుకు బేకరీల కిలో కేకు రేటు మీకు తెల్సిందే. నేను చేసేది పెరుగు కేకు, గుడ్డు లేకుండ, మా అత్తమ్మ కూడ తింటది. కప్పు గట్టి పెరుగు, ముప్పావు కప్పు చక్కెర బాగ కలిపి, అందుల చెంచంబావు బేకింగ్ పౌడర్, అర చెంచ తినే సోడ వేసి కదపకుండ ఇడిశిపెడితే అయిదు నిమిషాలల్ల బుసబుస పొంగుతది. అర కప్పు నూనె, వెనీలా చుక్కలు, జల్లించిన మైదా కప్పున్నర, ఎక్కువ కలుపొద్దు, వెంటనే టిన్నుల పోసి నూట ఎనభై డిగ్రీల ముప్పై అయిదు నలభై నిమిషాలు. ఓవెన్ లేనోళ్లు పాత కుక్కర్ల దొడ్డుప్పు పోసి, గ్యాస్కెట్, విజిల్ తీసేసి సన్న మంట మీద చేసుకోవచ్చు, మా వదినె అట్లనే చేస్తది. మీద క్రీం వేయను, పుట్టినరోజు పిల్లగాని పేరు జీడిపప్పుతోని రాస్త.

ఓవెన్ ఒకసారి వేడెక్కిందంటే ఖాళీగ ఉంచను. కేకు తీయంగనే బిస్కెట్ల ట్రే పెడ్త, కప్పు పిండిల సగం మైదా సగం జొన్నపిండి, అర కప్పు నెయ్యి, అర కప్పు చక్కెర పొడి, యాలకులు, పదిహేను ఇరవై నిమిషాలు, మెత్తగ ఉన్నప్పుడే తీయాలె, చల్లారితే గట్టిపడ్తయ్. తర్వాత స్విచ్ బంద్ చేసి ఆ మిగిలిన వేడిల పల్లీల ట్రే పెడితే పొద్దటికి పొట్టు ఊదితే పోయేటట్టు వేగి ఉంటయ్.

మాట్లాడితే ఇంట్ల చేసుకోండి అంటరు గాని ఆ చేసే చేతులు ఎవరివి అనేది లెక్కలోకి రాదు. నేను మొదటి నెలనే చెప్పిన, ఎల్లిగడ్డ పొట్టు అందరం టీవీ చూసుకుంట తీయాలె, గిర్ని, రేషన్ షాపు మా ఆయన పని, మిక్సీ గిన్నెలు పెద్దోడు కడగాలె. అట్ల కాకపోతే రెండో నెలకే నేను బంద్ పెట్టేదాన్ని.

ఇప్పుడు సేటు బుక్కుల నెలకు ఎనిమిది వేల దాక ఉండేది అయిదున్నర దగ్గర ఆగుతున్నది, పండుగ నెలలు వేరే. ఏడాది సరుకులకు పక్కన వేసే పైసలు అందుల లేవు, అవి కలిపినా ఆరు వేలు దాటదు. సేటు అడిగిండు కూడ, "ఏందక్కా వేరే షాపు పట్టిన్రా" అని.

కొన్ని మాత్రం ఇంకా కొంటనే ఉన్నం. ఇడ్లీ రవ్వ, శనగపిండి షాపుదే, అవి పట్టిస్తే మాకు కలిసి రాలె. సకినాలు సంక్రాంతికి తప్ప ఇంట్ల పొయ్యలేం, అంత ఓపిక లేదు. పఫ్ అయితే ప్రయత్నం కూడ చేయను, ఆ పొరలు మనతోని కావు, పిల్లలు ఎగ్ పఫ్ అడిగితే మా ఆయన బండి తీసి చౌరస్త దిక్కు తీసుకపోతడు.